చూసిన ముక్క, చూడని ముక్కలు

పోయినవి ముందు రాస్తాను.

నా బిడ్డకు పందొమ్మిదో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఇరవై ఐదు. బాగుంది. మేముండే సిద్దిపేటలోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ పందొమ్మిదికీ ఈ ఇరవై ఐదుకూ మధ్య పోయినవి ఇవి. నడుము దాకా ఉండే జుట్టు, మళ్లీ మొలిచిన పొట్టి జుట్టు కూడా. పదమూడు కిలోల బరువు; అందులో తొమ్మిది తిరిగొచ్చాయి. డిగ్రీలో రెండు సంవత్సరాలు. ఒక దవడ పన్ను. పచ్చిమిరపకాయ నంజుకునే నాలుక. ముగ్గురు స్నేహితురాళ్లు; వాళ్లకేమీ కాలేదు, రావడం మానేశారంతే. ఇంట్లో మగ్గం, నూలు దుమ్ము ఆమె ఊపిరిలోకి పోకూడదని దవాఖానలో చెబితే విప్పదీసి దుబ్బాకలో మా అక్క ఇంటికి పంపాను. ఆమె నెలసరి. ఆమె కుడివైపు అండాశయం.

చివరిదాన్ని పోయినవాటిలో రాయవచ్చో లేదో నాకు తెలియదు. అది ఆమె ఒంట్లో లేదు. కానీ హైదరాబాదులోని ఒక దవాఖానలో, మన ఫ్రిజ్‌లు ఊహించలేనంత చలిలో, ముక్కలు ముక్కలుగా ఉంది. పోయిందంటే ఉంది. ఉందంటే, అది ఆమెకు పనికొస్తుందా, ప్రాణం మీదికి తెస్తుందా అన్నది ఎవరూ చెప్పరు. ఇన్నేళ్లుగా నేను ఎన్నో లెక్కలు వేశాను, చాలామందికి వేసిపెట్టాను. ఈ ఒక్కటి ఏ వైపు రాయాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు మగ్గం దగ్గర నేర్చుకున్నాను. ఇంత వెడల్పు చీరకు పడుగులో ఎన్ని పోగులు, ఇన్ని తువ్వాళ్లకు ఎంత నూలు, తడిపితే గుడ్డ ఎంత కుంచించుకుపోతుంది, ఇవన్నీ మా నాయిన నోటితో చెప్పేవాడు, నేను బొగ్గుతో గోడ మీద వేసేవాడిని. కొన్నేళ్లు భివండిలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసి తిరిగొచ్చాక, దుబ్బాక నేతగాళ్లకు నూలు తెచ్చి ఇచ్చే దుకాణంలో నన్ను నూలు చూడటానికి పెట్టుకున్నారు. నూలు చూడటం అంటే ఇది. కట్టలో నుంచి ఒక చిలప లాగుతాం. చిలప అంటే నూలును పొరలుగా చుట్టి మెలేసిన చుట్ట. దాన్ని విప్పి పోగు లాగి చూస్తాం, తడిపి చూస్తాం, కొంచెం రంగులో ముంచి చూస్తాం. ఆ చిలప మంచిదైతే కట్టంతా మంచిదే. మిగతావి ఎవరూ విప్పరు. చూసిన చిలపను పారేయం కూడా. దాన్ని చిన్న గొట్టాల్లాంటి కండెలకు చుట్టి పేకలో, అంటే అడ్డపోగుల్లో, వాడేస్తాం. నా చేతి మీదుగా ఎన్ని కట్టలు పోయాయో గానీ, చిలప పాసై కట్ట చెడిపోయిందన్న ఫిర్యాదు నాకు గుర్తున్నంతలో రాలేదు.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంటిల్లిపాదీ తర్వాత తప్పుగా అర్థం చేసుకున్నది ఈ పద్ధతి వల్లనే.

జబ్బు మొదట తొడల మీద నీలం మచ్చలుగా కనబడింది. బల్లకు తగిలించుకున్నదేమో అనుకున్నాం. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. జ్వరం వచ్చేది, పోయేది, మళ్లీ వచ్చేది. సిద్దిపేట దవాఖానలో రక్తం చూసిన డాక్టరు కాగితం నా చేతికిస్తూ, సాయంత్రం దాకా ఆగకుండా హైదరాబాదు పొమ్మన్నాడు. ఆ కాగితంలో ఉన్నవి అంకెలు. తెల్లకణాలు ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి, ప్లేట్‌లెట్లు ఉండవలసినదాంట్లో పదో వంతు కూడా లేవు. అంకెలు కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. బస్సులో నా భార్య అడిగింది.

"ఏమయ్యా, ఏంది గది, మంచిగైతదా?"

"అంకెలు తప్పినయ్. అంకెలు సక్కగ చేస్తె అయితది" అన్నాను.

నాకు అప్పటికి అంతే తెలుసు. మొదటి విడత మందులతో అంకెలు నిజంగానే సక్కబడ్డాయి. వార్డులో పక్క మంచాల వాళ్లు కూడా కాగితాలు పట్టుకొచ్చి, నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఎంత పెరిగిందో నన్నడిగేవారు. నేను చెప్పేవాడిని. ఆ రోజుల్లో నేను గందరగోళపడలేదు. భయపడ్డాను, కానీ ఎటు పోతున్నామో తెలిసేది.

గందరగోళం మొదలైంది ఆ తర్వాత. రోగం అణిగింది గానీ మందులతోనే వదిలేస్తే మళ్లీ వచ్చే రకం ఇది, ఎముకల్లోని మూలుగ మార్పిడి చేయాలి అన్నారు. నా కొడుకు మూలుగ ఆమెకు సరిపోయింది. మార్పిడికి ముందు చాలా బలమైన మందులిచ్చి ఆమె మూలుగనంతా ఖాళీ చేస్తారు. అంత బలమైన మందులకు అండాశయాలు మాడిపోతాయి. ఈ మాట చెప్పడానికి వేరే డాక్టరమ్మ వచ్చింది. వయసు నలభై ఉంటుంది, మెల్లగా మాట్లాడేది. పిల్లలు పుట్టే శక్తిని దాచి ఉంచడం తన పని అని చెప్పింది. ఆ మాట వినగానే అందరం పక్కకు చూశాం. పెళ్లి కాని పిల్ల మంచం పక్కన, తండ్రి ఎదుట, అట్లాంటి మాట.

అండాలు తీసి దాచాలంటే దాదాపు రెండు వారాలు సూదులు వేయాలి, అంత వ్యవధి లేదు అంది. ఉన్న దారి ఒకటే. పొట్టకు చిన్న రంధ్రాలు చేసి ఒక అండాశయం తీసి, పై పొరను సన్నని ముక్కలుగా కోసి, గడ్డకట్టించి దాచడం. తర్వాతెప్పుడో ఆమె కోలుకున్నాక ఆ ముక్కలను తిరిగి లోపల అతికిస్తే, అవి పనిచేయడం మొదలుపెట్టవచ్చు.

"ఆపరేషన్‌ల ప్రమాదముంటదా మేడం?" అన్నాను.

"ప్లేట్‌లెట్లు ఎక్కించి, సరిపోయాకే చేస్తాం. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, ఈ రెండూ జాగ్రత్తగా చూసుకోవాలి. తక్కువే."

"తక్కువంటె నూటికి ఎంత?"

"మామూలు ఆడవాళ్లకైతే చెప్పగలను. మీ అమ్మాయి పరిస్థితిలో చేయించుకున్నవాళ్లు తక్కువమంది అండీ."

"అంటె రెండు తక్కువలున్నయ్ మేడం. ప్రమాదం తక్కువ, చేయించుకున్నోళ్లు తక్కువ."

"అవునండీ, సరిగ్గా అదే" అంది. ఆమె మీద గౌరవం కలిగింది. కానీ నా చేతిలో ఒక్క అంకె కూడా పడలేదు.

"అసలు అనుమానం తీయడంలో కాదు, తిరిగి పెట్టడంలో ఉంది" అని ఆమే చెప్పింది. "ఇది రక్తంలో తిరిగే జబ్బు. ఆ ముక్కల్లో ఎక్కడైనా రోగ కణాలు దాక్కుని ఉండొచ్చు. మార్పిడితో ఒంట్లో ఉన్నవి పోతాయి. బయటికి తీసి దాచినదాంట్లో ఉన్నవి పోవు కదా. వాటిని తిరిగి పెడితే జబ్బును కూడా పెట్టినట్టు అవుతుందేమోనని భయం."

నేను దీన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాను. మందులు తగలకూడదనే ఆ ముక్కలను బయటికి తీస్తున్నారు. మందులు తగలకపోవడమే వాటికి లాభం. మందులు తగలకపోవడమే వాటికి నష్టం. ఒకే కారణం రెండు పక్కలా వస్తే ఆ లెక్క ఎట్లా వేయాలి?

"మరెందుకు మేడం తీసుడు?"

"ఇప్పుడు తీయకపోతే తర్వాత తీయడానికి ఏమీ ఉండదు. పెట్టాలా వద్దా అన్నది ఇవ్వాళ తేల్చక్కర్లేదు. ముక్కలు అక్కడ ఉంటే చాలు."

ఆ సాయంత్రం మా అక్క దుబ్బాక నుంచి జొన్నరొట్టెలు కట్టుకుని వచ్చింది. సంగతి విని చెయ్యి నోటికి పెట్టుకుంది.

"ఏంది తమ్మీ, పెండ్లిగాని పిల్లకు గీ ముచ్చట్లేంది? ముందుగాల పానం దక్కనియ్యి."

"పానం దక్కినంక ఏం జెయ్యాలె వదినా?" నా భార్య గొంతు లేచింది. "బతికినన్ని రోజులు గొడ్రాలని మాట పడాల్నా?"

"ఎవరంటరే దాన్ని? నాలిక కోస్త."

"మొదలు నువ్వే అంటవ్. నీ చిన్నకొడుకు పెండ్లాన్ని నువ్వు అంటలేవా? దుబ్బాక బస్టాండ్ దాక ఇనవడ్తది."

మా అక్క ఏదో అనబోయి నవ్వేసింది. అంతలో మంచం మీద నుంచి, మాస్కు లోపలి నుంచి, నా బిడ్డ గొంతు వినబడింది.

"అత్తా, ఊశిపోయినయ్ ఎంటికలు. చెవులు ఊశిపోలె. అన్ని ఇనవడుతున్నయ్."

ముగ్గురం ఆమె వైపు తిరిగాం.

"నా కడుపు గురించి మీరు మాట్లాడుతున్రు, డాక్టరమ్మ మాట్లాడుతుంది. నన్నెవ్వరన్న అడిగిన్రా?"

"చెప్పు బిడ్డా" అన్నాను.

"తీయమను. తీసిపెట్టమను. ఇప్పుడు నాకు పిల్లలు కావాల్నో వద్దో నాకే ఎరుక లేదు. కావాలని అనిపించినప్పుడు లేదు అనుడు నాతోని కాదు."

పరీక్ష చేయించే వీలుందా అని నేను మరునాడు డాక్టరమ్మను అడిగాను. చేస్తామంది. తీసిన ముక్కల్లో ఒకటి ల్యాబ్‌కు పోతుంది, రోగ కణాలున్నాయేమో రంగులు వేసి చూస్తారు అంది. ఆ మాటతో నా మనసు ఎంతగా కుదుటపడిందో చెప్పలేను. అప్పటిదాకా 'ఉండొచ్చు', 'కావచ్చు', 'తక్కువే' అన్న మాటల్లో ఈదుతున్నాను. ఒకటి తీసి చూస్తారు అనగానే కాళ్లకు నేల తగిలింది. అది నాకు తెలిసిన పని.

ప్లేట్‌లెట్లు ఎక్కించి ఆపరేషన్ చేశారు. రక్తం ఎక్కువ పోలేదు, జ్వరం రాలేదు. ఎనిమిది ముక్కలు వచ్చాయి. ఒకటి ల్యాబ్‌కు పోయింది, ఏడు చలిలోకి పోయాయి. మార్పిడి అనుకున్న రోజుకే మొదలైంది. ఆమెను అద్దాల గదిలో పెట్టారు. లోపలికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. అద్దానికి ఇవతల నిలబడి ఫోన్‌లో మాట్లాడేవాళ్లం.

ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజున వార్డు సిస్టర్ చదివి తెలుగులో చెప్పింది. "పంపిన ముక్కలో రోగ కణాలు కనబడలేదు." పంపిన ముక్కలో. ఆ మాట అందులో ఉంది. సిస్టర్ దాచలేదు, డాక్టరమ్మ దాచలేదు. కానీ నేను, నా భార్య, ఫోన్‌లో విన్న మా అక్క, అందరం నూలు మనుషులం. మా చెవికి అది వేరేగా వినబడే వీలే లేదు. నేను అద్దం దగ్గరికి పోయి ఫోన్ చేశాను.

"బిడ్డా, నూలు పాసైంది."

ఆమె కూడా మగ్గం కింద పాకి పెరిగిన పిల్లే. ఇంకేమీ అడగలేదు. గుండు మీద టోపీ సరిచేసుకుని బొటనవేలు పైకెత్తి చూపించింది.

మార్పిడి నిలిచింది. మొదటి ఏడాది ఎట్లా గడిచిందో రాస్తే అదొక పుస్తకమవుతుంది, అది వదిలేస్తాను. డాక్టర్లు చెప్పినట్టే నెలసరి ఆగిపోయింది. లోపల మిగిలిన ఎడమ అండాశయం కూడా మాడిపోయిందని రక్తపరీక్షలో తేలింది. ఎముకలు గుల్లబారకుండా హార్మోను మాత్రలు రాశారు. అయినా ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకు ఒంట్లో నుంచి ఆవిర్లు లేచేవి, ఉన్నట్టుండి చెమటలు పట్టేవి. అదే సమయంలో నా భార్యకూ నెలసరి ఆగే వయసు వచ్చింది. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే ఫ్యాన్ కింద నేల మీద పడుకుని కొంగులతో విసురుకునేవారు.

"జరుగే అవ్వా, గాలంత నీకే తాకుతుంది."

"నేను నలభై ఏడేండ్లకు సంపాయించుకున్న చెమటలివి. నీకు ఉత్తగనే వచ్చినయ్."

"ఇగ మనిద్దరిది ఒక్కటే ఈడు. నన్ను అక్కా అను."

నవ్వుకునేవారు. నేను పక్క గదిలో ఉండి వినేవాడిని. నవ్వాలో, ఏం చేయాలో తెలిసేది కాదు. కానీ ఏడు ముక్కలు చలిలో ఉన్నాయి, నూలు పాసైంది. అది మా ఇంట్లో ఊతపదం అయిపోయింది. ఆమె మాత్రలు మింగలేక విసుక్కుంటే నా భార్య, "నీకేందే, నీ నూలు పాసై ఉంది" అనేది. ఆమె కూడా దాన్నే పట్టుకుని డిగ్రీ పూర్తి చేసింది, బడిలో చేరింది.

కిందటి సంవత్సరం ఆ బడిలోనే సైన్సు చెప్పే అబ్బాయి ఆమెను పెళ్లి చేసుకుంటానన్నాడు. చంద్లాపూర్ వాళ్లది, వ్యవసాయం. మా కులం కాదు. దానికి మా అక్క నెల రోజులు అలిగింది, తర్వాత మామూలైంది. నా బిడ్డ అతనికి మొదటి రోజే అంతా చెప్పిందట. జబ్బు, మార్పిడి, మాత్రలు, ముక్కలు. అతను ఒక ఆదివారం బండి మీద మా ఇంటికి వచ్చి, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, "పిల్లలు లేకపోయినా నాకు నడుస్తది మామా" అన్నాడు. అప్పుడే మామా అన్నాడు. నా భార్య లోపలికి పోయి, "ఇప్పుడు అందరు గట్లనే అంటరు" అని గొణిగింది.

అతను పోయాక నా బిడ్డ తల్లితో అంది.

"అవ్వా, ఆయనకు నడుస్తది. నాకు నడువది. నాకు కావాలె."

"అప్పట్ల ఎరుక లేదంటివి గద?"

"ఇప్పుడు ఎరుకైంది. ఒకటో తరగతి పోరగాండ్లు నా కొంగు పట్టుకోని తిరుగుతరు. నాకు కావాలె. ముక్కలు పెట్టించుకుంట."

అతను కూడా హైదరాబాదు వస్తానన్నాడు. మొదలు మా బాపుతో పోయొస్తా అని ఆమె ఆపింది. ఇద్దరం పొద్దున బస్సెక్కాం. ఆ డాక్టరమ్మ జుట్టు కొంచెం నెరిసింది. నా బిడ్డను గుర్తుపట్టి లేచి నిలబడి చేతులు పట్టుకుంది. ఇన్నేళ్లుగా జబ్బు తిరిగి రాకపోవడం చాలా మంచి సంగతి అంది. ముక్కలు పెట్టించుకుంటానని నా బిడ్డ చెప్పగానే కూర్చుంది.

"దాని గురించి మాట్లాడాలి" అంది.

"అప్పట్ల పరీక్ష పాసైనయ్ గద మేడం" అంది నా బిడ్డ.

డాక్టరమ్మ ఫైలు తిప్పింది. "ఒక ముక్క చూశాం. ఆ ముక్కలో కనబడలేదు."

"అదే మేడం" అన్నాను. "ఎనిమిది ఒక్క జాగలకెల్లి తీసినవే గద."

"ఒక్క చోటివే. కానీ చూసిన ముక్క మనం పెట్టేది కాదండీ. పెట్టబోయే ముక్కలను ఎవరూ చూడలేదు. చూడాలంటే కోసి, రంగులు వేయాలి. ఆ తర్వాత అవి పెట్టడానికి పనికిరావు."

నూలు చిలప సంగతి చెప్పాను, ఒకటి చూసి కట్టంతా తీసుకుంటామని. ఆమె శ్రద్ధగా విన్నది.

"మీ కట్టలో నూలంతా ఒకే పత్తి, ఒకే మిషను. అందుకని ఒకటి చూస్తే చాలు. ఈ కణాలు అంతటా సమానంగా ఉండవు. ఒక ముక్కలో లేనివి పక్క ముక్కలో ఉండొచ్చు. అసలెక్కడా లేకపోవచ్చు కూడా."

"ఇంకొక నాలుగు చూడున్రి. నాలుగు మంచిగుంటె మిగిలిన మూడు పెట్టొచ్చు గద?"

"నాలుగు బాగుంటే నమ్మకం పెరుగుతుంది. కానీ పెట్టడానికి మూడే మిగులుతాయి. మూడింటితో పని జరిగే అవకాశం తగ్గుతుంది."

"అయిదు చూస్తె?"

"బాపూ, కూరగాయల బేరం చేస్తున్నవా?" అంది నా బిడ్డ. నవ్వింది గానీ కుర్చీ అంచును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

ఏడూ చూస్తే ఏడింటి సంగతీ తెలుస్తుంది, పెట్టడానికి ఒక్కటీ ఉండదు. ఒక్కటీ చూడకపోతే ఏడూ ఉంటాయి, ఏమీ తెలియదు. అక్కడ కూర్చుని ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో వేస్తున్నాను. ఎక్కడ ఆగినా తెలిసినది కొంత, పోయినది కొంత. ఏది ఎక్కువో చెప్పే కొలత నా దగ్గర లేదు.

"సరే మేడం, చూడకుంట పెడితె, జబ్బు మల్ల వచ్చుడు నూటికి ఎంత?" అన్నాను.

"ఇలాంటి జబ్బున్నవాళ్లలో తిరిగి పెట్టించుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. ఎక్కువమందికి మేమే వద్దంటాం. పెడితేనే కదండీ తెలిసేది. అంత కొద్దిమంది మీద నూటికి ఇంత అని చెబితే అది నేను కల్పించి చెప్పినట్టు."

ముక్కను లోపల పెట్టకుండా బయటే అండం పెంచే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో జరుగుతున్నాయని, అది కుదిరితే ఈ భయమే ఉండదని కూడా చెప్పింది. ఎప్పటికి అని నా బిడ్డ అడిగింది. తెలియదంది. ఇంకొకరి అండంతో బిడ్డను మోసే వీలుందని చెప్పింది, పెంచుకోవడం గురించి చెప్పింది. నా బిడ్డ అన్నీ విన్నది. ఏదీ కాదనలేదు, ఔననలేదు.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ప్రజ్ఞాపూర్ దాటింది.

"మరి నూలు పాసైంది అంటివి గద బాపూ" అంది చివరికి. నిందగా కాదు. తన పిల్లలు తప్పు జవాబు తెస్తే ఏ మెట్టు దగ్గర తప్పారో అడుగుతుంది చూడండి, అట్లా అడిగింది.

"నాకు గట్లనే సమజైంది బిడ్డా."

"నాకు సుత గట్లనే సమజైంది. లెక్కల టీచర్ని, నాకన్న తోచాలె."

ఆ ఆదివారం నేను ఎనిమిది కండెలు తెచ్చుకుని కూర్చున్నాను. ఏడు తెల్లనూలువి, ఒకటి ఎర్రది. ఎర్రది చెడ్డముక్క అనుకున్నాను. సంచిలో వేసి కలిపి, చూడకుండా ఒకటి తీశాను. తెల్లది. మళ్లీ వేసి కలిపి తీశాను. తెల్లది. పదహారుసార్లు తీస్తే పద్నాలుగుసార్లు తెల్లదే వచ్చింది.

"ఏందయ్యా గది, చిన్నపోరని లెక్క కండెలతోని ఆట?" అంటూ నా భార్య చేటలో బియ్యం పట్టుకుని వచ్చి నిలబడింది.

నా బిడ్డ లోపలి నుంచి వచ్చి చూసింది, వెంటనే అర్థం చేసుకుంది. నా పక్కన కూర్చుంది.

"ఒకటి చెడ్డది ఉన్నా, మొదటిసారి తీస్తే ఎనిమిదిట్ల ఏడుసార్లు మంచిదే వస్తది బాపూ. అంటే మంచిది వచ్చిందంటే, సంచిల చెడ్డది లేదని కాదు."

"మరి రెండు ఎర్రవి వేస్తె?"

"ఎనిమిదిట్ల ఆరుసార్లు తెల్లదే. గాని మనకు అడ్డం పడ్డది గది కాదు. సంచిల ఎర్రవి ఎన్ని వేసిన్రో మనకు ఎరుక లేదు. ఒకటో, మూడో, అసలు లేనే లేవో."

"ఇది బడిల చెప్తరా?"

"పదో తరగతిల ఉంటది. నువ్వు ఏడుతోనే ఆపితివి."

నా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతూ అడిగింది. "గిదంత సరే. పెట్టిచ్చుకుంటదా, లేదా?"

ఇద్దరం ఆమె వైపు చూశాం. ఆమె అడిగిందే అసలు ప్రశ్న. అప్పుడు నా బిడ్డ ఎర్ర కండెను వేళ్ల మధ్య తిప్పుతూ నాతో అంది.

"బాపూ, నాకు పాస్, ఫెయిల్ అని చెప్పకు ఇగ. ఎంతనో చెప్పు. నూటికి ఒకటంటె నేను పెట్టిచ్చుకుంట. నూటికి యాభై అంటె పెట్టిచ్చుకోను. గా నడుమల ఎక్కడ ఆగాల్నో నేను చూసుకుంట. అంకె మాత్రం నువ్వు అడిగొచ్చి చెప్పు. నువ్వడిగితెనే వాళ్లు గట్టిగ చెప్తరు."

"చెప్త" అన్నాను. ఎట్లా చెబుతానో తెలియకుండానే అన్నాను.

పెళ్లి అయింది. అంకె కోసం ఆగలేదు. అంకెకూ పెళ్లికీ ముడిపెట్టవద్దని ఇద్దరూ అన్నారు. ఇప్పుడు వాళ్లు సిద్దిపేటలోనే కిరాయి ఇంట్లో ఉంటున్నారు. ముక్కలను ఇంకో ఏడాది ఉంచమంటారా, తీసేయమంటారా అని దవాఖాన నుంచి ఫోన్ వస్తే, ఉంచండి అని నా బిడ్డే చెప్పింది. నేను డాక్టరమ్మకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. ఆమె విసుక్కోదు. "ఇంకా లేదండీ, ఉంటే మొదట మీకే చెబుతాను" అంటుంది. మొన్న ఫోన్ చేసినప్పుడు, రక్తజబ్బున్న ఇంకొక ఆమె తిరిగి పెట్టించుకుందనీ, బాగానే ఉందనీ చెప్పింది. నేను సంతోషపడ్డాను. ఆ తర్వాత, అది కూడా సంచిలోంచి తీసిన ఒక తెల్ల కండే కదా అనిపించింది. సంతోషపడింది సరైనదో కాదో తేలలేదు.

నా బిడ్డ వారానికి రెండుసార్లు ఇంటికి వస్తుంది. చెప్పులు విడుస్తూనే నా ముఖం చూస్తుంది. అడగదు. నేను తల అడ్డంగా ఊపుతాను. ఆమె లోపలికి పోయి తల్లి పక్కన ఫ్యాన్ కింద కూర్చుంటుంది.

ఏడు ముక్కల్లో పెట్టదగినవి ఎన్నో నాకు తెలియదు. సున్నా కావచ్చు, ఏడూ కావచ్చు, ఆ మధ్యలో ఏదైనా కావచ్చు. పెడితే జబ్బు తిరిగి రావడం నూటికి ఎంతో అంతకన్నా తెలియదు. చెప్తానని మాటిచ్చిన ఆ అంకెను ఇవ్వాళ్టికీ నేను నా బిడ్డకు ఇవ్వలేదు.